చావు దరువుకు పదికి ఆరు

ఆ రోజుల్లో అని మొదలుపెడితే నలభై ఏళ్ళ కిందటి సంగతి అనుకుంటారేమో. కాదు, మొన్నమొన్నటి మాటే. అయితే మనిషి వయసును రెండు రకాలుగా లెక్క పెట్టుకోవచ్చని నా నమ్మకం. అప్పటికి నా ఒంటి వయసు నలభై ఆరు, చదువు వయసు మూడేళ్ళు. అంగన్‌వాడీ టీచర్ సాయంత్రం పూట మా గూడెం ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పినప్పుడు చివరిదాకా మానకుండా వెళ్ళిన ముగ్గురిలో నేనొకదాన్ని. మూడేళ్ళ పిల్లలు కనపడిందల్లా నోట్లో పెట్టుకుంటారు కదా, నేనూ అంతే. ఉప్పు పాకెట్ వెనక ఉన్నది, పురుగుమందు డబ్బా మీద ఉన్నది, పెళ్ళికార్డులో కింద చిన్నగా వేసుకున్న ప్రెస్సు పేరుతో సహా, అన్నీ గట్టిగా చదివేదాన్ని. (మా ఇంటాయన పెళ్ళికార్డు వస్తే నాకు కనపడకుండా చూరులో దోపేవాడు.) అంత పసితనంలోనే నాకొక పని దొరికింది. కొత్తగా వచ్చే డ్రమ్ అండ్ బేస్ రికార్డులు విని, ఎలా ఉన్నాయో రాసే పని.

మాది చండ్రుగొండ నుంచి అడవిలోకి వెళ్ళే దారిలో ఒక గూడెం. ఇంత దూరం ఆ పని ఎలా వచ్చిందంటే, మా అక్క కూతురి వల్ల వచ్చింది. వాళ్ళు పాల్వంచలో ఉంటారు, మా బావ కరెంటు ప్లాంటులో షిఫ్టులకు వెళ్తాడు. ఆ పిల్ల చదువు అయిపోయాక ఇంకొకాయనతో కలిసి పాటల గురించి ఒక నెట్ పత్రిక నడుపుతోంది. నేను వాళ్ళింటికి వెళ్ళిన ఒకసారి ఏదో పెట్టుకుని వింటోంది. పాడేవాళ్ళు లేరు. పైన డ్రమ్ము తరుముతున్నట్టు పోతోంది, కింద బేస్ అనే లావు శబ్దం కడుపులో తగులుతోంది. "ఈ డోలు కాపలేదు" అన్నాను. మా నాన్న డోలు కొట్టేవాడు. నిప్పు దగ్గర పెట్టి తోలు బిగిసేదాకా కాపకుండా డోలు ఎత్తడం మా ఇంట్లో తప్పు. ఆ పిల్ల పడీపడీ నవ్వింది. "చిన్నమ్మా, అది కంప్యూటర్ల చేసిండ్రు. కంప్యూటర్‌కు తోలెక్కడిదే?" అంది. నవ్వింది కానీ రాసుకుంది. పత్రికలో పెడితే చాలామంది చదివారట. అక్కడినుంచి ఏదన్నా కొత్త రికార్డు వస్తే ఫోన్‌లో వినిపించడం, నేను నోటికొచ్చింది చెప్పడం, ఆ పిల్ల రాయడం. ఇలా నాలుగైదు అయ్యాయి.

ఒకరోజు ఆ రెండో ఆయన (గడ్డం ఉంటుంది, అందుకని నేను గడ్డం సారు అనేదాన్ని) స్వయంగా ఫోన్ చేశాడు. "అమ్మా, మీరు చెప్పుడు, ఆమె రాసుడు, ఇట్ల నడవదు. అది ఎవరి రాత అయితది? మూడు కొత్త రికార్డులు పంపుతున్న. మీరే రాయండి. ఒక్కోదానికి పదికి ఎన్ని మార్కులో కూడా వెయ్యాలె. ఆదివారం సాయంత్రం ఐదు లోపల పంపండి. మంచిగుంటే నెలనెలా మీ పేరు మీదనే వస్తది. లేకుంటే ఏమనుకోవద్దు" అన్నాడు. నేను ఏమీ అనుకోనని చెప్పాను కానీ నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నా పేరు అచ్చులో చూసింది ఓటరు లిస్టులో ఒక్కచోటే. అక్కడ కూడా పక్కనే ఫలానా ఆయన భార్య అని ఉంటుంది. ఒక మాట రాసి దాని కింద నా పేరు, ఒక్క నా పేరే, ఉంటే ఎలా ఉంటుందో చూడాలని ఉండేది. ఆ కోరిక ఇంట్లో చెప్పలేదు. చెబితే మా ఇంటాయన "ఏం, నా పేరు బరువైందా?" అంటాడు.

ఆదివారం వచ్చేదాకా నేను ఒక్క ముక్కా రాయలేదు. ఫోన్‌లో ఎన్నిసార్లు విన్నా మూడు రికార్డులూ దోమలు మూగినట్టే ఉన్నాయి. అక్క కూతురికి చెబితే, "ఫోన్ల బేస్ వినవడదు చిన్నమ్మా, పెద్ద బాక్సుల పెట్టి విను" అంది. పెద్ద బాక్సులంటే మా గూడెంలో ఒకడి దగ్గరే ఉన్నాయి. నాకు వరసకు మరిది. పెళ్ళిళ్ళకూ ఊరేగింపులకూ ట్రాలీ మీద బాక్సులు కట్టి తిరుగుతాడు కనుక డీజే మరిది అంటాం. మధ్యాహ్నం రెండింటికి మనిషంత ఎత్తున్న రెండు బాక్సులు తెచ్చి మా వాకిట్లో దింపాడు. మా ఇంటాయన పొద్దున్నే చండ్రుగొండ వెళ్ళాడు, సాయంత్రానికి గానీ రాడు. మా అత్త పది రోజులు జ్వరంతో మంచం పట్టి, కొత్తగూడెం దవాఖానాకు వెళ్ళొచ్చి, రెండు రోజుల నుంచే లేచి తిరుగుతోంది. ఇంటి వెనక ఎండలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. గూడెంలో మిగతావాళ్ళంతా మిరప ఏరడానికి పోయారు. ఇంతకంటే మంచి సమయం దొరకదనుకున్నాను.

మొదటి రికార్డు పెట్టాము. మరిది ఐదు నిమిషాలు విని, "వదినా, గిది షురూ ఎప్పుడైతది?" అన్నాడు.

"అయిపోవొచ్చింది."

"అయిపోవొచ్చిందా! నేను ఇంక మిషిన్ టెస్టింగ్ చేస్తుండ్రనుకున్న. రేకుల మీద కోతులు ఉరికినట్టుంది."

ఆ మాట నాకు నచ్చింది, రాసుకున్నాను. (ఇంకొకరి మాట రాసుకోవచ్చా అని అప్పుడు తెలియదు. ఇప్పటికీ తెలియదు.) రెండోది పెట్టాము. అది బోరు మోటరు నీళ్ళు అందక గాలి పీల్చినట్టు మొదలై, చివరిదాకా నీళ్ళు అందకుండానే ముగిసింది. అదీ రాసుకున్నాను. అప్పటికి మూడు దాటింది. నేను ఒక్కొక్క అక్షరాన్ని పొలంలో నాటు వేసినట్టు వంగి వంగి పెట్టేదాన్ని కనుక రెండు రికార్డులకే గంట పట్టింది.

మూడోది పెట్టగానే నా చేతిలో పెన్ను ఆగింది. ముందు కొంచెంసేపు ఏమీ లేదు. తర్వాత ఒక దెబ్బ. ఆగి, రెండు దెబ్బలు. మళ్ళీ ఆగి, ఒకటి. బాక్సుల్లోంచి బేస్ నేలలోకి దిగి నా కాళ్ళ కింద మోగింది. అది మా చావు దరువు. అచ్చంగా అదే. మా నాన్న ఎన్నిసార్లు కొట్టగా విన్నానో. ఎక్కడో బెంగుళూరులో గదిలో కూర్చుని ఈ రికార్డు చేసిన మనిషికి అది ఎలా తెలిసిందో నాకు అర్థం కాలేదు. నాలుగు చుట్లు అలాగే వచ్చి ఐదో చుట్టులో ఉన్నట్టుండి డ్రమ్ము పరుగందుకుంది. నాకు చాలా సంతోషమైంది. ఇదుగో, రాయడానికి నా దగ్గర మాత్రమే ఉన్న సంగతి దొరికింది. "ఇంకోసారి పెట్టు మరిదీ, ఆ ముందటి నాలుగు చుట్లే పెట్టు. సౌండ్ పెంచు" అన్నాను. అతనికి డీజే పాటలు తప్ప దరువులు తెలియవు. పెంచాడు. మళ్ళీ పెట్టమన్నాను. అలా ఆరుసార్లు పెట్టించి, ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క గీత గీసుకుంటూ కూర్చున్నాను. నా తప్పల్లా ఒకటే. చెవులు నాకు మాత్రమే ఉన్నాయనుకున్నాను.

మా గూడెంలో ఒక పద్ధతి ఉంది. చావు దరువు వినపడితే ఎవరు పోయారని అడగరు. చేతిలో పని అక్కడ వదిలేసి, ఇంటికొక కట్టె పట్టుకుని, దరువు ఎక్కడ మోగుతుంటే అక్కడికి నడుస్తారు. అడుగుతూ నిలబడేవాణ్ణి చులకనగా చూస్తారు. మిరప చేలలో ఉన్నవాళ్ళకు మా బాక్సులు శుభ్రంగా వినపడ్డాయి. మా ఇంటివైపు నుంచి వినపడ్డాయి. ఆ ఇంట్లో పది రోజుల నుంచి ముసలమ్మకు బాగాలేదు. ఇంక ఎవరికైనా సందేహం ఎందుకుంటుంది?

నేను తలెత్తేసరికి మలుపు దగ్గర నుంచి ఏడుపు వస్తోంది. మా గూడెంలో ఎవరు పోయినా మొదట రాగం ఎత్తే ఒక పెద్దమ్మ ఉంది. ఆమె ముందు, వెనక ఆడవాళ్ళు, మిరపకాయల ఘాటుకు ముందే ఎర్రబడిన కళ్ళు, ఆ వెనక మగవాళ్ళు భుజాన కట్టెలతో. నలభై మంది ఉంటారు. అందరికంటే ముందు మా కుల పెద్ద, తలకు తువాల చుట్టుకుని వచ్చాడు. మరిది వాళ్ళను చూసి కంగారులో బాక్సులు ఆపబోయి సౌండ్ ఇంకా పెంచాడు. పెద్దమ్మ వచ్చి నన్ను పట్టుకుని, "ఎంత మంచి అత్తనే నీది, ఒక్క మాట అనేది కాదు గదనే" అని ఏడ్చింది. (అది నిజం కాదు. అయినా అలాంటప్పుడు అందరూ అంటారు.) నేను కాదు కాదు అంటున్నాను, ఆమె నా తలను తన భుజానికి అదుముకుంటోంది. నోరు తెరిస్తే చీర లోపలికి పోతోంది.

అప్పుడు ఇంటి వెనక నుంచి మా అత్త వచ్చింది. ఆమెకు మనుషుల మాటలు సరిగ్గా వినపడవు కానీ ఆ దరువు వినపడింది. పద్ధతి తెలిసిన మనిషి కనుక పొయ్యి దగ్గరి నుంచి మంచి కట్టె ఒకటి ఏరి, చంకన పెట్టుకుని, కొంగు సర్దుకుంటూ వచ్చింది. ఇంతమంది తన వాకిట్లోనే ఉండేసరికి ఆగి, "ఎవలే పోయింది? నాకెవలు చెప్పరేందే?" అంది.

మరిది చేతికి అప్పుడు స్విచ్ దొరికినట్టుంది, బాక్సులు ఆగిపోయాయి. పెద్దమ్మ నన్ను వదిలి, ముక్కు తుడుచుకుని, "నువ్వేనక్కా" అంది.

"నేనా?"

"అవ్."

మా అత్త కట్టె మీద ఆనుకుని అందరినీ ఒకసారి చూసింది. భయపడుతుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. "మీ అన్నోళ్ళ ఇంట్లకెళ్ళి ఎవలు రాలేదేంది?" అని ఒకతన్ని అడిగింది. ఇంకొకతని భుజం మీది కట్టెను గోటితో గీకి చూసి, "పచ్చిది! గీ పచ్చి కట్టె తోని నన్ను కాలుస్తవారా? పొగకు నేనే లేసి కూసుంట" అంది.

"జల్దీల దొరికింది తెచ్చిన పెద్దమ్మా."

"నాకేం జల్దీ లేదు. ఎండినయి తేరాదు?"

అప్పుడు నవ్వు మొదలైంది కానీ కుల పెద్ద నవ్వలేదు. చావు దరువు మోగింది, కట్టెలు గడప దాటి వచ్చాయి. వచ్చిన కట్టె వెనక్కు పోకూడదు. పోతే ఆ ఇళ్ళకు అరిష్టమని నమ్మకం. కట్టెలు ఉన్నాయి, శవం లేదు. దీనికి ఏదో ఒకటి తేల్చాలి. నన్ను పిలిచి ఏం జరిగిందో అడిగాడు. కాగితం చేతిలో పట్టుకుని చెప్పాను. "రికార్డు విని మంచి చెడ్డ రాసుడా? అది గూడ ఒక పనేనా?" అన్నాడు. "మల్ల ఒకసారి పెట్టు, నేను వింట" అన్నాడు. తువాల విప్పి, బాక్సు ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు. మా అత్త అందరికంటే ముందు కూర్చుంది. ఐదో చుట్టులో డ్రమ్ము పరుగందుకోగానే ఆయన చెయ్యెత్తాడు.

"ఆపు. ఇది చావు దరువు కాదు. శవాన్ని ఎత్తుకున్నోళ్ళు ఉరుకుతరా? వీనికి ఎవలో నాలుగు చుట్ల దాంక చెప్పిండ్రు, అవతలిది చెప్పలే. తాళం తప్పినంక దరువు లేదు, దరువు లేకుంటే చావు లేదు. కట్టెలు పొయ్యిల పెట్టుకోండ్రి."

"ఏ పొయ్యిల?" అంది మా అత్త. "నా పేరు మీద వచ్చిన కట్టెలు. నేను సచ్చినంక ఎట్లాగు మీరు తింటరు, నేను తినను. ఇయ్యాల నేను గూడ తింట. కోణ్ణి పట్టుండ్రి."

కోడి నాది. ఇక వాకిట్లో మూడు రాళ్ళు పెట్టారు, ఇళ్ళ నుంచి బియ్యం వచ్చాయి, పచ్చి కట్టె నిజంగానే పొగ పెట్టింది. గడియారం చూస్తే నాలుగున్నర. మూడో రికార్డు గురించి నా కాగితం మీద గీతలు తప్ప ఒక్క మాట లేదు. అప్పుడే వచ్చిన మా ఇంటాయన, వాకిట్లో వంట, మధ్యలో బాక్సులు, దర్జాగా వాళ్ళమ్మ, ఇవన్నీ చూసి సంగతి తెలుసుకుని, "నీ రాత గంగల గలువ! మా అమ్మను సంపి రాస్తున్నవా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇంకా అరగంట ఉంది. ఖాళీ వంట గంజు ఒకటి తెచ్చి బోర్లించి దాని మీద కాగితం పెట్టుకున్నాను. మంచి మాటలు వెతికే తీరిక లేదు. జరిగింది జరిగినట్టు రాశాను. దరువు మొదలయ్యాక ఎంతమంది వచ్చారు, ఏం తెచ్చారు, ముసలమ్మ ఏమంది, పెద్దాయన ఎక్కడ ఆపమన్నాడు. కింద నా పేరు రాశాను. ఫోటో తీసి పంపేసరికి ఐదు దాటి పది నిమిషాలైంది. గడ్డం సారు నుంచి జవాబు రాలేదు. కూర తిన్నాను కానీ రుచి తెలియలేదు. (బాగా కుదిరిందని మా అత్త చెప్పింది.)

మర్నాడు మధ్యాహ్నం అక్క కూతురు ఫోన్ చేసింది. "చిన్నమ్మా, నీ పేరు ఏసిండ్రే! గడ్డం సారు ఒక్క అక్షరం గూడ మార్చొద్దన్నడు. ఆ బెంగుళూరాయన గూడ చదివిండంట. ఆ దరువు తానే కనిపెట్టిన అనుకున్నడంట. ఐదో చుట్టు అసలుకు ఎట్ల ఉంటదో పెద్దాయన్ను అడిగి చెప్పమన్నడు." అడిగాను. "చెప్తే వచ్చేది కాదు. వచ్చి మోసెటోళ్ళ తోని నడువుమను" అన్నాడు కుల పెద్ద. ఆ బెంగుళూరాయన ఇంకా రాలేదు.

అప్పటి నుంచి నెలనెలా రాస్తూనే ఉన్నాను. ఇప్పుడు సబ్‌బేస్ అంటే ఏమిటో తెలుసు, ప్రయోగం అన్న మాట పేరాకు రెండుసార్లు వాడుతున్నాను, ఎవరి మనసూ నొప్పించకుండా ఎలా రాయాలో తెలిసింది. ఈమధ్య పెట్టె సర్దుతుంటే ఆ మొదటి కాగితం కనపడింది. ఒత్తులు సగం లేవు, ఒకచోట పొగ మసి అంటింది. కానీ అది చదువుతుంటే వాకిలి మొత్తం కళ్ళకు కట్టింది. చివర్లో, బెంగుళూరు నుంచి వచ్చిన ఆ గొప్ప రికార్డుకు, మూడేళ్ళ చదువున్న మనిషి ఏ జంకూ లేకుండా పదికి ఆరు వేసింది. శవాన్ని మోస్తూ ఉరికినందుకు నాలుగు తీసేశానని పక్కనే రాసింది. నవ్వొచ్చింది. ఇప్పుడు నేను అందరికీ ఏడున్నర వేస్తున్నాను.