మిరపకల్లంలో తీసిన ఫొటో

నేను పాఠం చెప్పే ఫొటో జర్నలిజం క్లాసులోని అమ్మాయి ఆ ఫొటో చూపించగానే నా గుండె చెరువైంది, అబద్ధమెందుకు. దాచేపల్లి వైపు ఒక కల్లంలో, రంగు మారిన తాలుకాయలు ఏరుతున్న ఆడమనిషి. రెండు చెంపల మీదా కన్నీటి ధారలు. మిర్చి రేటు పడిపోయిన వారం అది. కింద ‘రైతమ్మ కన్నీరు’ అని రాసి అప్పటికే ఒక పత్రికకు పంపేసింది. మర్నాడు మొదటి పేజీలో వేస్తామన్నారట, ఉద్యోగంలోకి కూడా తీసుకుంటామన్నారట.

“ఆమెను అడిగావా?” అన్నాను.

“ఏడుస్తున్న మనిషిని ఏం అడుగుతాం సార్?”

నాకు ఒళ్ళు మండింది. గుంటూరులో పుట్టి పెరిగిన పిల్ల, మిరపకల్లంలో కళ్ళు కారితే ఏడుపనుకుంటుందా? నేనూ అలాగే అనుకున్నానని గుర్తొచ్చి ఇంకా మండింది. బండెక్కమన్నాను.

కల్లంలో ఆమె ఫోన్‌లో ఫొటో చూసి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“ఏడుపేందండీ, ఘాటు. పొద్దుట్నించీ కాయల్లో కూర్చుంటే నీళ్ళు కారవా?”

కింద ఏం రాశారో చదివించుకున్నాక గొంతు మారింది. “నాకు సెంటు భూమి లేదు, రైతమ్మనెట్టా అవుతా? మా ఆయన పోయినప్పుడు కూడా నలుగుర్లో ఏడవలా నేను, పిల్లలు బెదురుతారని. ఇప్పుడు ఊరందరి ముందూ మీరు ఏడిపిస్తారా? అది పేపర్లో రాకూడదు.”

ఫోన్ ఇటివ్వు, నేను మాట్లాడతానన్నాను. అమ్మాయి ఇవ్వలేదు. తనే పత్రికకు ఫోన్ చేసి, ఫొటో వెయ్యొద్దంది. అయితే ఉద్యోగం మర్చిపొమ్మని, నన్ను లైన్లోకి రమ్మన్నాడు అక్కడి పెద్దమనిషి.

“ఏం మాస్టారూ, నీళ్ళు నీళ్ళే కదా. మీరు ఫీల్డులో ఫొటోలు తీసినప్పుడు ఇవన్నీ పట్టించుకున్నారా?”

“పట్టించుకోలేదు. అందుకే ఇప్పుడు పాఠం చెబుతున్నా. ఆ ఫొటో వేస్తే రేపు ఈమెను వెంటబెట్టుకొచ్చి మీ గుమ్మంలో కూర్చుంటాను” అన్నాను.

మర్నాడు పేపర్లో ఆ ఫొటో రాలేదు, అమ్మాయికి ఉద్యోగమూ రాలేదు. పిల్ల భవిష్యత్తు పాడుచేశానని కాలేజీలో చాలామంది అన్నారు. అననీ. మళ్ళీ అయినా అదే చేస్తాను.

ఆ రోజు మేం బయల్దేరుతుంటే, ఆమె డ్రమ్ములో నీళ్ళతో ముఖం కడుక్కుని, జుట్టు సరిచేసుకుని వచ్చింది. కెమెరాకు ఎదురుగా నిటారుగా నిలబడింది.

“ఇప్పుడు తియ్యమ్మాయ్” అంది.

ఆ రెండో ఫొటో ఏ పత్రికా వేసుకోలేదు. ఆమె ఇంట్లో గోడకు ఉంది.