వాసన మేస్త్రి

ఆ వీధిలో ఆయన్ని అందరూ వాసన మేస్త్రి అనేవారు. ముప్పై ఏళ్లుగా ఆయన చేసింది ఒక్కటే పని, కార్ల గేర్‌బాక్సులు విప్పడం, బిగించడం. పాత ఆటోమేటిక్ బండి ఏది వచ్చినా ముందు బానెట్ ఎత్తి, గేర్ ఆయిల్ కొలిచే పుల్ల బయటికి లాగి, ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. మాడు వాసన వస్తే "దీని జోలికి పోకండి" అనేవాడు. రాకపోతే ఆయిల్ మార్చేవాడు. ఆ మాటకు తిరుగుండేది కాదు.

ఆ తెలివిడి ఆయనకు ఊరికే రాలేదు. పని కొత్తలో ఒక టాక్సీ డ్రైవరు, కొన్ననాటి నుంచి ఆయిల్ మార్చని బండి తెచ్చాడు. మేస్త్రి ఉత్సాహంకొద్దీ పాతదంతా కడిగేసి కొత్తది పోశాడు. లోపల క్లచ్ ప్లేట్లు అప్పటికే అరిగిపోయి ఉన్నాయి. ఆ అరిగిన పొడి ఆయిల్లో కలిసి ఉండబట్టే ఎలాగో పట్టుకుని తిరుగుతున్నాయి. వారం తిరక్కుండానే బండి వంతెన ఎక్కుతూ మధ్యలో చతికిలబడింది. ఇంజిను అరుస్తోంది గానీ చక్రం కదలదు. డ్రైవరు ఒక్క మాట కూడా తూలలేదు. మేస్త్రికి అదే గుచ్చుకుంది. అప్పటి నుంచి ఆయిల్ మాడు వాసన వస్తే ప్లేట్లు అరిగాయని లెక్క, దాన్ని కదపకూడదని నియమం.

యాభై నాలుగో ఏట జ్వరం వచ్చి పది రోజులు మంచం పట్టాడు. లేచాక, ఇచ్చిన కాఫీ వేడిగా ఉందని తెలిసింది గానీ కాఫీ అని తెలియలేదు. ఒకరోజు పొయ్యి మీద పాలు మాడుతుంటే పక్కగదిలో తాపీగా పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. పెరట్లోంచి పరుగెత్తుకొచ్చిన భార్య నిలదీసింది.

"మీకు ముక్కు పనిచెయ్యట్లేదా?"

"ఎవరికీ చెప్పకు," అన్నాడు.

ఆమె చెప్పలేదు. ఆయన షెడ్డుకెళ్లి ఎప్పటిలాగే పుల్ల లాగి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. ఏమీ తెలిసేది కాదు. మారిస్తే బండి పాడవుతుందేమో. మార్చకపోతే పాడైనా తన చేతి మీదుగా కాదు. అందుకని వచ్చిన ప్రతివారికీ "కదపకండి, నడిచినన్నాళ్లు నడవనివ్వండి" అని చెప్పడం మొదలుపెట్టాడు. ఏడాది గడిచింది. ఎవరికీ అనుమానం రాలేదు.

అప్పుడు మేస్త్రి అక్క వచ్చింది. ఇంటింటికీ తిరిగి రోగులకు కట్లు కట్టే నర్సు ఆవిడ. ఆమె కారు మూడు లక్షల కిలోమీటర్లు దాటింది.

"ఒరేయ్, గేరు మారినప్పుడల్లా ఎవరో వెనక నుంచి తన్నినట్టు ఊపుతోందిరా. ఆయిల్ మార్చమంటావా, వద్దంటావా?"

పుల్ల లాగాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "వద్దక్కా. మాడిపోయింది. ఉన్నదాన్ని ఉండనీ."

అక్క చీముపట్టిన పుండును గుమ్మంలోంచే పసిగట్టే మనిషి. పుల్ల లాక్కుని వాసన చూసింది. "నల్లబడిందంతే. మాడు వాసన ఎక్కడుందిరా?"

తమ్ముడు పుల్ల తీసుకుని గుడ్డతో తుడవసాగాడు. అక్క అతని ముఖంలోకి ఓ క్షణం చూసి, సంచిలో చెయ్యిపెట్టింది. "కళ్లు మూసుకో," అని ఏదో తీసి అతని ముక్కు కింద పెట్టింది. "ఇదేంటో చెప్పు."

"ఆయిల్ గుడ్డ."

"మధ్యాహ్నం తిందామని తెచ్చుకున్న నారింజపండురా అది!"

పనిముట్ల పెట్టె మీద కూలబడి జరిగిందంతా చెప్పాడు. అక్క ఓదార్చలేదు.

"ఎంతమందికి వద్దని చెప్పావు?"

"పదకొండు మందికి."

"పిలిపించు."

"ఏమని పిలవను? నా ముక్కు పోయిందనా? పరువు గంగలో కలుస్తుందక్కా."

"వాళ్లు నడిరోడ్డు మీద దిగబడితే నీ పరువు పెరుగుతుందా?"

ముందు అక్క కారు పని పట్టాడు. యంత్రం పెట్టి పాత ఆయిలంతా ఒకేసారి కడగలేదు. కింది బోల్టు విప్పితే కారినంతే పోనిచ్చి, అంతే కొత్తది పోశాడు. రెండు వారాలు నడిపాక మళ్లీ అంతే, ఆ తర్వాత ఇంకోసారి. మూడోసారికి ఊపు చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. ఉద్యోగం నుంచి దిగిపోయేదాకా, ఇంకో రెండేళ్లు, అక్క ఆ కారులోనే తిరిగింది.

పదకొండు మందికీ ఫోన్ చేశాడు. ప్రతిసారీ ముందుగా ముక్కు పోయిన సంగతే చెప్పాడు. ఎనిమిది మంది వచ్చారు. పుల్ల వాళ్ల చేతికే ఇచ్చి, "మీరే చూసి చెప్పండి" అన్నాడు. మూడు బండ్లలో ఆయిల్ నిజంగానే మాడింది, వాటిని ముట్టుకోలేదు. నాలుగింటికి ఆయిల్ మార్చాడు. ఎనిమిదోది పూలు అమ్మే ఆవిడ వ్యాను. దాన్ని తాడు కట్టి లాక్కొచ్చారు. గేర్‌బాక్సు నాలుగు రోజుల కిందటే పోయింది.

"పోయినేడే మార్చి ఉంటే బతికేదా?" అని అడిగింది.

"బహుశా బతికేదమ్మా," అన్నాడు మేస్త్రి.

విప్పి బాగుచేసి ఇస్తానని మేస్త్రి అంటే ఆవిడ వినలేదు, అదే తాడుతో వ్యాను లాక్కెళ్లిపోయింది. తర్వాత రెండు వీధుల అవతల ఇంకో మేస్త్రి దగ్గర చేయించుకుందని తెలిసింది. అతను పని బాగానే చేస్తాడు. ఆ సంగతి వాసన మేస్త్రికి తెలుసు గనక ఆవిడను మళ్లీ పిలవకుండా ఊరుకున్నాడు.