మోచేతి దాకా మిరప మొక్క

పొదిలి దగ్గర మా ఊరి బుడాన్ మనిషి కాదు, మిరప మొక్క. యంత్రం పెట్టి మరీ తేల్చారు. అబద్ధమాడితే కాన్వెంటులో సిస్టర్లు స్కేలుతో కొట్టేవారు కనుక కాస్త సవరిస్తాను: మొత్తం కాదు, కుడిచెయ్యి మోచేతి దాకానే.

బుడాన్‌కు రెండెకరాల మిరప చేను. నిరుడు పూతంతా నేలరాలింది. ఈ ఏడూ రాలడం మొదలైంది. ఇదీ పోతే పొలం వదిలి గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ బస్తాలు మోయాల్సిందే. ఆ భయంతో పూత నిలిపే హార్మోను మందు తెచ్చి, మూతతో కొలిచి పోయమంటే సీసా వంచేసి, డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి ముంచి తిప్పేవాడు. కర్రతో తిప్పితే మందు కలవదని అతని నమ్మకం.

మేనకోడలు నగ్మా గుంటూరు కాలేజీలో పరిశోధన చేస్తోంది. షుగరు చూసుకునే పట్టీలాంటిది ఒకటి పట్టుకొచ్చింది. దాని మీద పలచని ప్లాస్టిక్ పొర. హార్మోను అణువుల చుట్టూ ఆ పొరను పోతపోసి, తర్వాత అణువులను కడిగేస్తారట. మిగిలిన గుంటల్లో మళ్లీ ఆ అణువులే కుదురుతాయి. కుదిరితే కరెంటు మారి, ఫోనులో అంకె పెరుగుతుంది.

"మావయ్యా, ఓ ఆకు నలిపి చుక్క వెయ్యి."

బుడాన్ వేశాడు. అంకె పైకెక్కి కూర్చుంది. వేపాకు నలిపాడు. అంతే. పక్క చేలో పత్తాకు. అంతే. చివరికి మంచినీళ్ల గ్లాసులో వేలు ముంచి చుక్క వేస్తే, ఆ నీళ్లకీ అంతే.

"ఇంకేముంది, రేపోమాపో ఈయనకీ పూతొస్తుంది" అంది భార్య కరీమున్.

నగ్మా ఈసారి కరీమున్ చేత మిరపాకు నలిపించింది. అంకె కొంత దిగింది గానీ ఉండాల్సిన దానికి చాలా పైనే ఉంది.

"నీ చెయ్యంతా మందే మావయ్యా! చేనంతా మందే! కొంచెమైతే పూత నిలుస్తుంది, ఎక్కువైతే అదే రాల్చేస్తుంది. ఇక సీసా ముట్టుకోకు."

ఈ కబురు విని పక్క చేను బుల్లయ్య డ్రమ్ము దొర్లించుకుంటూ వచ్చాడు.

"ఏరా బుడానూ, ఇందులో ఓసారి చెయ్యి కడుక్కోరా."

"పోరా, నా చెయ్యేమన్నా మందు సీసానా!"

"ఊరికే కాదులే, బిరియానీ పెట్టిస్తా."

చెయ్యి పడింది. నగ్మా పట్టీ ముంచి చూస్తే మందు సరిగ్గా సరిపోయింది! మర్నాటికి బుడాన్ గుమ్మంలో డ్రమ్ములు వరుస కట్టాయి. మందు పదును పోతుందని ఊరివాళ్లు అన్నానికి కూడా చెయ్యి కడగనివ్వలేదు. కరీమున్ ముద్దలు కలిపి నోట్లో పెట్టింది.

ఊళ్లో అందరి పూతా నిలిచింది. బుడాన్‌ది మాత్రం రాలుతూనే ఉంది. చూస్తూ ఊరుకోలేక అతను మళ్లీ సీసా తీశాడు.

"ఆ మూత తీశావంటే అన్నం నువ్వే తినాలి" అంది కరీమున్.

సీసా కింద పెట్టాడు. కొన్నాళ్లకు అతని చేలో కొత్త పూత వచ్చింది. నిలిచింది. పిందెలు దిగాయి.

ఇదంతా బుడాన్‌కు చదివి వినిపించాను.

"ఒక్క ముక్క నిజం లేదు. నేనెప్పుడూ కర్రతోనే కలుపుతా. ఎవడి డ్రమ్ములోనూ చెయ్యి పెట్టలా. ఎండలు తగ్గాయి, పూత నిలిచింది. అంతే" అన్నాడు.