అమ్మ జాతకంలో చంద్రుడు

మా నాన్నగారు ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసు గుమాస్తా. ఆదివారం వస్తే మాత్రం మా అరుగు మీద ఆయనే సిద్ధాంతి. తోటి ఉద్యోగులు జాతకాలు పట్టుకుని వచ్చేవారు. వాళ్లందరికీ కాఫీలు కలిపేది అమ్మ.

ఎవరి జాతకమైనా ఆయన ముందు చంద్రుణ్ణే చూసేవారు. "చంద్రుడంటే మనస్సండి. మిగతా గ్రహాలు కష్టాలు తెస్తాయి. ఆ కష్టాన్ని మనిషి ఎంతవరకు తట్టుకుంటాడో ఈయన చెబుతాడు" అనేవారు. ఒకసారి ఒకాయన, తన భార్య అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకుంటోందని ఆవిడ జాతకం తెచ్చాడు. నాన్నగారు చాలాసేపు చూశారు. "చంద్రుడు నీచలో ఉన్నాడండి. ఆవిణ్ణి ఒక్కమాట అనకండి. కొన్నాళ్లు పుట్టింటికి పంపండి, రాజమండ్రిలో మంచి డాక్టరుకి కూడా చూపించండి" అన్నారు. అంత దయగల మనిషి.

ఆ దయ అమ్మకు దక్కలేదు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నాకు తమ్ముడు పుట్టి, పురిటిలోనే పోయాడు. అమ్మ మళ్లీ మనిషి కాలేదు. పాలు పొయ్యి మీద పెట్టి అక్కడే నిలబడేది, పొంగిపోయినా కదిలేది కాదు. ఆవిడకి జడ నేనే వేసేదాన్ని. "ఏమీ బాగోలేదండి, లోపలంతా చీకటిగా ఉంది" అని నా ముందే ఆయనతో ఎన్నిసార్లు చెప్పిందో! ఆయన నవ్వేసేవారు.

"నీకేంటోయ్! రోహిణి నక్షత్రం, ఉచ్చలో చంద్రుడు. నీ అంత గట్టి మనస్సు ఈ ఊళ్లో ఎవరికుంది? నాలుగు రోజులు పనిలో పడు, అదే పోతుంది."

పక్కింటావిడ డాక్టరు మాట ఎత్తితే, జాతకంలో లేని జబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందని కసిరారు.

నేను డిగ్రీలోకి వచ్చాక ఒక మధ్యాహ్నం, బియ్యం ఏరుతూ అమ్మ అంది: "నాది రోహిణి కాదే. జ్యేష్ఠ."

జ్యేష్ఠలో పుట్టిన పిల్లను చేసుకుంటే పెళ్లికొడుకు అన్నగారికి గండమని పట్టింపు. నాన్నగారికి అన్నగారున్నారు. సంబంధం తప్పిపోతుందని అమ్మమ్మ, అమ్మ పుట్టినరోజు రెండు వారాలు జరిపి కొత్త జాతకం రాయించిందట. మా పెదనాన్నగారు ఆ గండం సంగతే తెలియకుండా నిక్షేపంలా ఉన్నారు.

జ్యేష్ఠ అంటే వృశ్చిక రాశి, చంద్రుడికి నీచ. ఆ అరుగు పక్కన పెరిగినదాన్ని, నాకు ఆ మాత్రం తెలుసు.

"నాన్నగారికి చెప్పెయ్యమ్మా" అన్నాను.

"ఎలా చెప్పనే? చెబితే నా దిగులు నమ్ముతారు. నన్ను మాత్రం ఇంక నమ్మరు" అంది. నా చేత ఒట్టు వేయించుకుంది.

ఆ తర్వాత నాలుగేళ్లు బతికింది. అన్నం కెలికి లేచిపోవడం, కిటికీ దగ్గర కూర్చోవడం, దాన్ని బతకడమంటే అనండి. చివరికి మామూలు జ్వరమే వచ్చింది. దానికే తట్టుకోలేకపోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు నాన్నగారికి చెప్పేశాను. మోసం చేశారని మండిపడతారనుకున్నాను. ఆయన పాత పంచాంగం తీసి, అరుగు మీద కూర్చుని, అసలు తేదీకి మళ్లీ చక్రం వేశారు. సాయంత్రం నన్ను పిలిచారు. ఆ కాగితం నా ముందు పెట్టారు.

"నీచ చంద్రుడేనమ్మా. ఎంత నలిగిపోయిందో పిచ్చిది! నాకు తెలిస్తే పువ్వుల్లో పెట్టి చూసుకునేవాణ్ణి కదే" అని వెక్కివెక్కి ఏడ్చారు.

అబద్ధం కాదు. చూసుకునేవారే. నాకు ఒళ్లు మండిపోయింది.

"అమ్మ మీకు చెప్పింది నాన్నగారూ. ఎన్నోసార్లు చెప్పింది. మీరు ఆవిడ మాట వినలేదు, కాగితం మాట విన్నారు" అన్నాను.

ఆయన అవునన్నట్టు తల ఊపారు. కండువాతో కళ్లు తుడుచుకుని, "మరి నీకు ఎప్పటినుంచి తెలుసే?" అని అడిగారు.

నాలుగేళ్లని చెప్పడానికి నాకు నోరు రాలేదు.