కాసిం మామ సమ్మతం

మద్రాసులో మేమున్న ఇంటి మేడ మీద ఒక తమిళ కుటుంబం ఉంది. వాళ్ల పిల్ల ఈ పొద్దున కింది వాటా ముసలాయన్ని “మామా” అని కేకేసింది. ఆయన బంధువేమీ కాదు, వాళ్లలో పెద్దవాళ్లను అలాగే పిలుస్తారు. అదే మాట ట్రాముల దగ్గర కుర్రాళ్ల నోట వస్తే బూతు, కొట్లాట ఖాయం. మా మార్కాపురం వైపు కోడలు మామగారినీ మామా అంటుంది, పెళ్లాం మొగుణ్ణీ మామా అంటుంది. నాకు మాత్రం ఆ మాట వినగానే రాతిపొడి అంటిన కాసిం మామ చేతులు గుర్తొస్తాయి.

ఆయన కార్ఖానాలో రాతి పలకలు కోసేవాడు. మా అమ్మ అదే కార్ఖానాలో పలకలు రుద్దేది. అమ్మకు అన్నదమ్ములు లేరు. ఆయన అమ్మను చెల్లే అనేవాడు కనుక నాకు మామ. ఆయన అక్క పిల్లలు “మామూ” అనేవాళ్లు. చిన్నప్పుడు ఒకసారి నిలదీశాను.

“నువ్వు మసీదుకు పోతావు, మేం చర్చికి పోతాం. నాకు మామ ఎట్లయితావు?”

“పిలిచినావు గదా. ఇంకేం గావాల?” అని తన పనిలో తాను పడ్డాడు.

మిషన్ బడిలో నా చదువు ముగిసింది. బడి నడిపే దొరసాని నన్ను టీచరు ట్రైనింగుకు పంపిస్తానన్నది. నాయన మాత్రం అర్ధవీడులో పెళ్లాం పోయిన ఒక మేకల ఆసామికి నన్నిస్తానని మాటిచ్చాడు. నేను ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాను. మాలో తాంబూలాలు మార్చుకునే ముందు పిల్ల మేనమామను సమ్మతమేనా అని అడగాలి. మర్యాదకు అడిగేదే తప్ప, కాదన్న మేనమామను ఎవరూ ఎరగరు. తాంబూలాల రోజు మా వైపు పెద్దమనిషి చుట్టూ చూసి, గుమ్మం దగ్గర నిలబడ్డ మామతో, “ఏంది కాసిమూ, మేనమామవు నువ్వే గదా. సమ్మతమేనా?” అన్నాడు. అందరూ నవ్వారు.

“సమ్మతం లేదు” అన్నాడు కాసిం మామ.

“ఎగతాళికి అడిగినాం లేప్పా.”

“నేను ఎగతాళికి చెప్పలేదన్నా. పిల్ల చదువుకుంటానంటాంది. చదివినాక రాండి, అప్పుడు అడుగుదురు.”

అర్ధవీడు నుంచి వచ్చిన పెద్దాయన తాంబూలం పళ్లెం మీది చెయ్యి తీసేశాడు. “మేనమామ కాదన్నాక ఎట్ల మారుస్తాం?” అని కండువా దులుపుకుని లేచాడు. నాకు సంతోషమో భయమో తెలియలేదు.

నేను ట్రైనింగుకు వెళ్లాను. నాయన బతికినన్నాళ్లూ మామతో మళ్లీ మాట్లాడలేదు. మామ మా గడప తొక్కలేదు. నాయన పోయాడని కబురంది నేను ఊరు చేరేసరికి బంధువులు వాకిట్లో గుసగుసలాడుతున్నారు. మొగుడు పోయిన ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు చీర పెట్టాలి, ఈమెకు పుట్టిల్లు లేదని. పొద్దు వాలుతుండగా కాసిం మామ వచ్చాడు. ఎవరి వైపూ చూడలేదు. సంకలోని కొత్త చీర తీసి అమ్మ ఒడిలో పెట్టి, “కట్టుకో చెల్లే” అన్నాడు. అప్పటిదాకా చుక్క కన్నీరు రాల్చని అమ్మ బావురుమంది.

ఇప్పుడు నా బడి పిల్లల తల్లులు నన్ను అక్కా అని పిలుస్తారు. వినడానికి ఇష్టంగా ఉంటుంది, కొంచెం భయంగానూ ఉంటుంది. పలికానంటే వాళ్ల కష్టంలో నిలబడాలి. అందుకే వెంటనే పలకను. చేతిలో పని కింద పెట్టి పలుకుతాను.