గడప తీసిన కొట్టు

మా తాతగారి కొట్టు మెయిన్ రోడ్డు మీద, బస్టాండుకు ఎదురుగా ఉంటుంది. ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఈ అడవి అంచున స్థిరపడి, గూడేల వాళ్లు తెచ్చే చింతపండు, కుంకుడుకాయలు, ఇప్పపువ్వు కొనేవారు. బదులుగా ఉప్పు, బట్టలు ఇచ్చేవారు. కొట్టుకు బంగళా పెంకులు, టేకు దూలాలు, మూరెడు మందం గోడలు, ముందు పొడవాటి అరుగు. ఆయన పోయాక ఏళ్ల తరబడి తాళమే. పడగొట్టి కాంప్లెక్స్ కట్టమని సలహా ఇవ్వని చుట్టం లేడు.

ఆ మాట విని విని చిర్రెత్తుకొచ్చి, టీచరుగా రిటైరైన ఏడాదే బాగు చేయిస్తానని పంతం పట్టాను. పంతానికి కారణం లేకపోలేదు. సంత రోజున గూడేల నుంచి వచ్చే ఆడవాళ్లకు మా ఊళ్లో కూర్చునే చోటు లేదు. చంటిపిల్లకు పాలివ్వాలన్నా బస్టాండు గోడ చాటే దిక్కు. కొట్టు వాళ్లకు నీడగా ఉండాలి, మిగతా రోజుల్లో పిల్లలు చదువుకునే గది కావాలి. ఆ ఆడవాళ్లే రాకపోతే నేను చేసిందంతా వృథా.

మొదట నేనే తెలివితక్కువ పని చేశాను. తొందరపడి ఒక గోడకు సిమెంటు పూయించాను. రెండు వానలకే అది పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. అప్పుడు ఖానాపురం హవేలి అనే ఊరి నుంచి ఒక పెద్దాయన, పాత సున్నం పని తెలిసిన మేస్త్రీ, వచ్చి గోడను తట్టి చూసి నాకు తలంటాడు.

"సున్నం గోడకు సిమెంటు కొడ్తరా మేడం? దానికి ఊపిరాడొద్దా? డంగు సున్నమే, గానుగల నూరిందే పెట్టాలె. కరక్కాయలు నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు పోసి కలపాలె."

నలభై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, చేతులు కట్టుకుని విన్నాను.

కరక్కాయల కోసం మా అరుగు మీద ప్రతి సంతకూ చీపుర్లు అమ్ముకునే, ఇంచుమించు నా ఈడు అవ్వ ఒకామెను అడిగాను. పై వారం ఆమె ఒక గోనెసంచి నెత్తిన పెట్టుకుని వచ్చింది. "ఈ గోడలు లేపిన్నాడు మా తాత గూడ కరక్కాయలు మోసిండంట" అని నవ్వింది. అక్కడితో ఊరుకోలేదు. ప్రతి సంతకూ కరక్కాయలు నానేసిన డ్రమ్ములో నీళ్లు వేలితో నాలిక్కి రాసుకుని, వగరు చాలలేదనో సరిపోయిందనో మేస్త్రీకి చెప్పేది. ఆయన ఆమె మాట తీసేసేవాడు కాదు. ఆ ఇద్దరి పుణ్యమే ఆ గోడలు. డ్రమ్ము అరుగు మీదే ఉండేది కాబట్టి, ఆమె ఎప్పుడూ లోపలికి రాలేదన్న సంగతి నేను గమనించనే లేదు.

తెరిచే రోజు రానే వచ్చింది. సంత రోజే పెట్టుకున్నాను. షాబాదు బండలు కడిగించి, చాపలు పరిపించి, తోరణం కట్టి, రాతి గడపకు నా చేత్తో పసుపు రాసి బొట్లు పెట్టాను. ఆడవాళ్లు వచ్చారు. మూటలు దింపుకుని అరుగు మీద వరుసగా కూర్చున్నారు. మధ్యాహ్నమైనా ఒక్కరూ లోపలికి రాలేదు. లోపల ఫ్యాన్లు ఖాళీ చాపల మీద తిరుగుతున్నాయి. నా కోపం నషాళానికి అంటింది.

"ఇంత చేస్తే లోపలికి రావడానికి కూడా బద్ధకమేనా?" అన్నాను, క్లాసులో అరిచినట్టే.

అవ్వ నొచ్చుకోలేదు. "బద్ధకం గాదు టీచరమ్మా. పసుపు రాసిన గడప. మీ తాత ఉన్నప్పటి గడపే గిది. సరుకు ఈడికెల్లే అందిచ్చెటోళ్లం. దాటనియ్యకపోయెటోళ్లు."

నాకు గుర్తొచ్చింది. చిన్నప్పుడు సెలవుల్లో ఆ గడపకు ఇవతల నిలబడి, దోసిలితో ఉప్పు తీసి, అవతల వాళ్లు చాపిన కొంగుల్లో పోసేదాన్ని. చెయ్యి తగలకుండా పైనుంచి పోయమని ఇంట్లో నేర్పారు. నాకది ఆటగా ఉండేది. కొంగు పట్టిన ఆడపిల్లల్లో ఈమె కూడా ఉండి ఉంటుంది. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

నేను గడప తీసెయ్యమంటే మేస్త్రీ లెంపలేసుకున్నాడు. "గడప తీస్తే ఇంటికి మంచిది గాదంటరు మేడం."

"ఇది ఇల్లు కాదు మేస్త్రీ."

ఆయన "అవ్, ఇల్లు గాదు గద" అని, రాతికి దండం పెట్టుకుని గునపం తీశాడు. ఆ రాతిని అరుగు చివర నీళ్ల కుండ కింద వేశాం. గుంటను, మిగిలిన కరక్కాయ నీళ్లతో సున్నం కలిపి, నేలకు సమంగా పూడ్చాడు.

మళ్లీ సంత వచ్చింది. అవ్వ చీపుర్లు అరుగు మీద పెట్టి, గడప ఉన్నచోట కాలి బొటనవేలితో రాసి చూసింది.

"ఆరిందా?"

"ఆరింది" అన్నాడు మేస్త్రీ.

ఆమె లోపలికి నడిచింది. గోడకు ఆనుకుని, కాళ్లు బార్లా చాపుకుని కూర్చుంది. వెనకే ఒక బాలింత, ఆ వెనక మిగతావాళ్లు. నేను వాకిట్లోనే ఉండిపోయాను.

అవ్వ నన్ను చూసింది. "ఏంది టీచరమ్మా, బయటనే నిలవడ్డవ్? లోపటికి రా, కూసో" అని చాప మీద కొంచెం జరిగింది.

మా ఇంట్లో ఎవరమూ ఆమెతో ఏనాడూ అనని మాట. చెప్పులు విడిచి వెళ్లి, ఆమె పక్కన కూర్చున్నాను.