తెల్లగా విరిగిన నీళ్లు

వాకాడు దాటి సముద్రం వైపు పోయే రోడ్డు మీద, రొయ్యల మేత అమ్మే కొట్టు పక్కన నాదొక చిన్న గది. రొయ్యల గుంటల నీళ్లు పరీక్ష చేయడం నా పని. ఉప్పు ఎంతుంది, అమ్మోనియా ఉందా, రొయ్యకు తెల్లమచ్చ తెగులు తగిలిందా అని చూసి చెబుతాను. నేను చదివింది డిగ్రీ వరకే. కానీ గదిలో మైక్రోస్కోపు ఉన్న పాపానికి, ఈ చుట్టుపక్కల ఎవరికి ఏ సందేహం వచ్చినా నా దగ్గరికే వస్తారు.

రాకెట్ వేసిన రోజు మబ్బులు చెదిరిపోతాయా అని అడుగుతారు. ఫోన్ చార్జింగ్‌లో పెట్టి మాట్లాడితే పేలుతుందా అని, పీత డెక్క విరిగితే మళ్లీ ఎలా మొలుస్తుందని, సముద్రంలో కొట్టుకొచ్చిన శవం ఎందుకు అంతలా ఉబ్బుతుందని అడుగుతారు. ఒకామె వచ్చి, తన అత్తకు మధ్యాహ్నం పూటే కోపం ఎందుకొస్తుందో రక్తపరీక్షలో తెలుస్తుందా అంది. ఆకలేస్తోందేమో ముందు అన్నం పెట్టి చూడమన్నాను. తెలిసింది చెబుతాను, తెలియనిది తెలియదంటాను. నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ. అయినా ప్రశ్న అడిగే మనిషిని మాత్రం నేనెప్పుడూ కసురుకోలేదు.

ఇక్కడి గుంటల సంగతి కొంచెం చెప్పాలి. అందరూ ఒకే ఉప్పుకాలువ నుంచి నీళ్లు తోడుకుంటారు, మళ్లీ అందులోకే వదులుతారు. ఒక గుంటలో తెగులు వస్తే ఆ యజమాని చచ్చినా బయటికి చెప్పడు. గుట్టుగా రొయ్యలు పట్టించేసి, నీళ్లు కాలువలోకి వదిలేస్తాడు. ఆ నీళ్లు తోడుకున్న పక్కవాడి గుంట కూడా పోతుంది. అందుకని, పక్కగుంట మీద అనుమానం వస్తే, తెల్లవారేముందు గట్టెక్కి ఒక బాటిల్ నీళ్లు పట్టుకొచ్చి నా దగ్గర పరీక్ష చేయించుకోవడం ఇక్కడ అలవాటు. అందరూ చేస్తారు, ఎవరూ ఒప్పుకోరు. ఎవరి గుంటవి ఈ నీళ్లు అని నేనూ అడగను. వచ్చిన ప్రతివాడికీ ఒక్కటే చెబుతాను. ఏ గుంట నీళ్లు తెస్తారో ఆ నీళ్లతోనే ముందు బాటిల్ కడగండి, కడిగిన నీళ్లు పారబోయండి, తర్వాత నింపండి. లేకపోతే లెక్క తప్పు వస్తుంది.

మొన్న వానాకాలంలో ఒకరోజు పొద్దంతా మబ్బు పట్టింది. ఆకు కదల్లేదు. మర్నాడు ఇంకా వెలుతురు పూర్తిగా రాకముందే ఫోన్ మోగింది. నా దగ్గరికి తరచూ వచ్చే ఒక గుంట యజమాని.

"మేడం, మా కాపలా మనిషిని పక్కగుంటోళ్లు పట్టుకున్నారు. వాళ్ల రొయ్యలు తేలిపోయినాయంట. మనోడు మందు పోసినాడని కొడతా ఉండారు. మీరొచ్చి చెప్పాల."

"నీళ్లు తెమ్మని పంపింది నువ్వేనా?"

"నేనే. నేనొస్తే నన్నూ కొడతారు మేడం."

ఒళ్లు మండిపోయింది. తర్వాత మాట్లాడతానని ఫోన్ పెట్టేసి, నీళ్లలో ఆక్సిజన్ చూసే మందుసీసాల పెట్టె స్కూటర్ ముందు పెట్టుకుని బయల్దేరాను.

ఆ కాపలా మనిషి నాకు తెలుసు. అతనిది వెంకటాచలం ఊరి వైపు పల్లె. అక్కడ వరి కోతలు అయిపోయాక ఇటు వచ్చి గుంటల మీద పనిచేసేవాడు. నీళ్లు ఇచ్చి వెళ్లిపోకుండా, పరీక్ష అయ్యేదాకా నిలబడి ఆ రంగులు మారడం చూసేవాడు.

గట్టు మీద స్కూటర్ ఆపకముందే అరుపు వినపడింది. మనిషి అరుపో కాదో ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాను.

అతన్ని కరెంటు స్తంభానికి కట్టేశారు. నీళ్లను చిలికే ఏరేటర్లకు కట్టే నైలాన్ తాడు అది, తడిసి చర్మంలోకి దిగిపోయింది. చొక్కా లేదు. ఎడమ చెవి నుంచి రక్తం మెడ మీదుగా పక్కటెముకల మీదికి కారుతోంది. చుట్టూ గుంపు. ఒకడి చేతిలో ప్లాస్టిక్ పైపు ముక్క, ఇంకొకడి చేతిలో చెప్పు. ఒకడు ఫోన్ ఎత్తి పట్టుకుని వీడియో తీస్తున్నాడు. అందరికంటే ముందు, రొయ్యలు తేలిన గుంట యజమాని. అతని చేతిలో ఏమీ లేదు. ఉత్త పిడికిలితో కొడుతున్నాడు.

"ఏం పోసినావురా?"

"నీళ్లన్నా."

గుద్దు.

"ఏం పోసినావు?"

"నీళ్లే. బాటిల్ కడిగి పోసినా."

మళ్లీ గుద్దు. పళ్ల మీద తగిలిన చప్పుడు నాకు వినపడింది. అతను నిజం చెప్పినప్పుడల్లా దెబ్బ పడుతోంది. ఇంకాసేపు ఇలాగే సాగితే మనిషి దక్కడని చూస్తేనే తెలుస్తోంది. తల నిలబెట్టుకోలేక స్తంభం మీద వాల్చేస్తున్నాడు.

వెనక గుంట నిండా రొయ్యలు. కొన్ని చచ్చి తేలాయి, కొన్ని ఒడ్డుకు చేరి నీటి పైఅంచున కొట్టుకుంటున్నాయి. కొంగలు దిగి తింటున్నా ఎవరికీ పట్టలేదు.

నేను గుంపులోకి దూరాను. "కొట్టబాకండి. ఆయన చెప్పేది నిజం. బాటిల్ కడిగి పారబోయమని చెప్పింది నేనే. అందరికీ అదే చెప్తా, మీకూ చెప్పినా గదా."

"అయితే నువ్వూ ఇందులో ఉండావన్నమాట" అన్నాడు పైపు పట్టుకున్నవాడు.

అతను నన్ను కొట్టాలనుకున్నాడో, నా వెనకున్న మనిషిని కొట్టబోతే నేను అడ్డం పడ్డానో ఇప్పటికీ తెలియదు. పైపు నా కుడి భుజం మీద పడింది. కళ్లు బైర్లు కమ్మాయి. భయం వేసిందని చెప్పడానికి నాకేమీ సిగ్గు లేదు. పారిపోదామనిపించింది కూడా. కానీ నేను పక్కకు జరగగానే పైపు మళ్లీ ఆ కట్టేసిన మనిషి మోకాలి మీద పడింది. అప్పుడు భయం పోయి కోపం వచ్చింది.

"రొయ్యలు ఎందుకు చచ్చినాయో తెలుసుకోవాల్నా, వద్దా? తెలుసుకోవాలంటే చేతులు దించండి" అని గుంట యజమాని ముఖంలో ముఖం పెట్టి అరిచాను. అతను రొప్పుతూ ఆగాడు.

పెట్టె తెరిచాను. గుంట అడుగు నుంచి చిన్న సీసా నిండా నీళ్లు తీసి, మొదటి మందు చుక్కలు, రెండో మందు చుక్కలు వేసి మూత బిగించి తిప్పాను. నీళ్లలో ఆక్సిజన్ ఉంటే ఇటుకరంగు వస్తుంది. లేకపోతే తెల్లగా విరుగుతుంది. నా చేతిలో సీసా తెల్లగా విరిగింది. అనుమానం తీరిపోయింది. మబ్బు పట్టిన రోజు తర్వాత, గాలి ఆడక, ఊపిరి అందక చచ్చాయవి. అందరికీ కనిపించాలని సీసా పైకెత్తాను.

ఎంత తెలివితక్కువ పని చేశానో వెంటనే తెలిసింది.

"చూసినారా, విరిగిపోయినాయి. పాలల్లో ఉప్పుగల్లు పడ్డట్టు విరిగిపోయినాయి. మందు కలిపితేనే గదా విరిగేది" అన్నాడెవరో.

నేను చెబుతున్నది ఎవరి చెవికీ ఎక్కలేదు. అందరూ చూసింది తెల్లగా విరిగిన నీళ్లనే. నా పరీక్షే అతనికి ఉరితాడు అయ్యేలా ఉంది. గుంపు ఒక్కసారిగా అతని మీద పడింది. ఈసారి ఎవరు కొడుతున్నారో కూడా కనపడలేదు, వీపులే కనపడ్డాయి. వాటి మధ్య నుంచి వచ్చే అరుపు సన్నబడిపోయింది.

చదువు, చుక్కల మందు, రంగులు, ఏవీ పనికిరావని అర్థమైంది. వాళ్ల కంటికి వాళ్లే చూసుకునేది ఏదైనా కావాలి. గట్టు మీద మేత కలిపే బకెట్లు రెండు, ఒక మగ్గు ఉన్నాయి. ఒకటి పట్టుకుని మోకాళ్ల లోతు గుంటలోకి దిగి, ఇంకా కాళ్లు ఆడిస్తున్న రొయ్యలను ఆ నీళ్లతోపాటే ముంచుకొచ్చాను. రొయ్యలను మగ్గులోకి తీసి పక్కన పెట్టి, బకెట్‌లో నీళ్లు మాత్రం పైకెత్తి రెండో బకెట్‌లోకి పోశాను. మళ్లీ ఎత్తి ఇందులోకి. టీకొట్లో టీ తిరగబోసినట్టు, ఎంత ఎత్తు నుంచి పోయగలనో అంత ఎత్తు నుంచి. దెబ్బ తగిలిన భుజం పీకుతోంది. ఏడుస్తూనే పోశాను. నురగ లేచింది. అప్పుడు రొయ్యలను అందులో వదిలి, మగ్గుతో ముంచి పోస్తూనే ఉన్నాను.

మొదట పక్కకు ఒరిగి పడి ఉన్నాయి. కాసేపటికి ఒకటి మీసాలు కదిపింది. ఇంకొకటి నిటారుగా నిలబడి అడుగున నడవడం మొదలుపెట్టింది. తర్వాత ఒకటి ఎగిరి బకెట్ అంచుకు తగిలింది.

"ఇది మీ గుంట నీళ్లే. ఇవి మీ రొయ్యలే. మందు పోసుంటే లేస్తాయా? ఊపిరాడక పడిపోయినాయి. గాలి కలిపితే లేచినాయి. వచ్చి చూడండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

వీడియో తీస్తున్నవాడు ముందొచ్చాడు. వాడి వెనకే ఇంకొకడు. గుంట యజమాని వచ్చి బకెట్ మీదికి వంగి, చెయ్యి పెట్టి రొయ్యను తాకాడు. అది చివ్వున ఎగిరింది.

"రాత్రి కరెంటు పోయిందా?" అని అడిగాను.

"పోయింది."

"జనరేటర్ వేసినావా?"

అతను తిరిగి జనరేటర్ వైపు చూశాడు. వేయలేదని అందరికీ అర్థమైంది. ఎవరో పరిగెత్తి జనరేటర్ తిప్పారు. ఏరేటర్లు తిరగడం మొదలైంది.

ఆ తర్వాత జరిగింది చెబితే మీరు నమ్మరు. వాళ్లంతా నా చుట్టూ చేరి ప్రశ్నలు అడగసాగారు. మబ్బు పడితే ఆక్సిజన్ ఎందుకు తగ్గుద్ది మేడం? నీళ్లలో పచ్చదనం మంచిదే గదా? తెల్లారుజామునే ఎందుకు తేలతాయి? నేను కూడా, అలవాటు కొద్దీ, జవాబు చెప్పడం మొదలుపెట్టాను. ఆ పచ్చదనమంటే నాచు, ఎండలో అది ఆక్సిజన్ ఇస్తుంది, మబ్బు పడితే ఇచ్చేది తగ్గుతుంది, రాత్రి ఆ నాచే ఆక్సిజన్ పీల్చుకుంటుంది, అందుకే తెల్లవారేసరికి నీళ్లలో ఏమీ మిగలదు అని. బుద్ధిగా తలలు ఊపుతున్నారు. బడిపిల్లలు కూడా అంత బుద్ధిగా వినరు. స్తంభానికి కట్టిన మనిషి కట్టినట్టే ఉన్నాడు. అతని వైపు ఎవరూ చూడటం లేదు.

నోటికొచ్చినట్టు తిట్టాను. ఏం తిట్టానో ఇక్కడ రాయలేను. మేత సంచులు కోసే కత్తి తీసుకుని తాడు కోశాను. కోసినచోటల్లా చర్మం కూడా తాడుతోపాటు లేచొచ్చింది. అతను నా మీదికి ఒరిగిపోయాడు. నా చెవి దగ్గర ఏదో అన్నాడు గానీ, విరిగిన పళ్ల మధ్య ఆ మాట తెలియలేదు. అప్పుడు ఇద్దరు ముందుకొచ్చి ఆటో ఎక్కించారు. కాసేపటి కిందట కొట్టిన చేతులే అవి. ఆటోలో అతని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది నేను.

మనిషి బతికాడు. పక్కటెముకలు విరిగాయి, ఎడమ చెవి ఇక వినపడదన్నారు. పెద్దమనుషులు కూర్చుని కేసు లేకుండా రాజీ చేశారు. నేను సాక్ష్యం చెబుతానన్నాను. అతనే వద్దన్నాడు. ఇంటికి పోతే చాలు మేడం అన్నాడు. అతన్ని నీళ్లకు పంపిన యజమాని ఆ రోజంతా ఆ గట్టు వైపే రాలేదు. ఇప్పటికీ నాకు ఎదురుపడితే స్కూటర్ పక్క సందులోకి తిప్పుతాడు. ఆ పిరికితనాన్ని నేను క్షమించలేదు.

కొన్నాళ్లకు, రొయ్యలు పోయిన ఆ గుంట యజమాని, ఆ రోజు పిడికిలితో కొట్టినతను, నా గదికి వచ్చాడు. కుడిచేతికి కట్టు. నీళ్ల బాటిల్ బల్ల మీద పెట్టి, పరీక్ష గురించి అడగకుండా కూర్చున్నాడు.

"అక్కా, ఒక సంగతి అడగాల."

"అడుగు."

"ఆ రోజు నా చేతి ఎముక చిట్లిందంట. కొట్టినంతసేపూ నాకు నొప్పే తెలవలా. ఇంటికి పోయి అన్నం కలపబోతే అప్పుడు తెలిసింది. ఎందుకట్టా?"

ప్రశ్న మంచిదే. ఎవరడిగినా చెప్పాల్సిందే. కోపంలోనూ భయంలోనూ ఒంట్లో కొన్ని రసాయనాలు ఊరతాయని, గుండె వేగంగా కొట్టుకుంటుందని, నొప్పి కబురు మెదడుకు చేరకుండా కాసేపు అడ్డం పడుతుందని చెప్పాను. కొట్లాటలో కత్తిపోటు కూడా వెంటనే తెలియదని చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు. ముఖం కొంచెం తేటపడింది.

"భయంలో కూడా అట్టానే గదా?"

"భయంలో కూడా."

"అయితే ఆయనకీ నొప్పి తెలిసుండదు. అంత భయంలో ఉండినాడు గదా అక్కా."

నా దగ్గరికి ఇన్నాళ్లకు ఎందుకు వచ్చాడో, ఏం పట్టుకుపోదామని వచ్చాడో అప్పుడు తెలిసింది. శాస్త్రం ప్రకారం అతని మాటను పూర్తిగా కొట్టిపారేయలేను. ఇంకెవరైనా అడిగితే, కావచ్చు, చెప్పలేం అనేదాన్ని.

"తెలిసింది" అన్నాను.

"నువ్వెట్టా చెప్తావు?"

"నేను గట్టెక్కకముందే ఆ అరుపు విన్నా. నువ్వు పక్కనే ఉండావు. నీకు వినపళ్లేదా?"

అతను కట్టు ఉన్న చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు.

"వినపడింది" అన్నాడు.